అడగకుండా వచ్చే కస్టమర్ సపోర్టు

2025 మే 11న అమెరికాలోని అతిపెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజ్ కాయిన్‌బేస్‌కు ఒక బెదిరింపు మెయిల్ వచ్చింది. మీ ఖాతాదారుల వివరాలు మా దగ్గరున్నాయి, 2 కోట్ల డాలర్లు ఇవ్వండి, లేదంటే బయటపెడతాం అని. కంపెనీ లొంగలేదు. అంతే సొమ్మును దొంగలను పట్టించినవాళ్లకు బహుమతిగా ప్రకటించి, మే 15న జరిగిందంతా బయటికి చెప్పేసింది. 69,461 మంది వివరాలు పోయాయని తర్వాత లెక్క తేలింది. ఈ దొంగతనానికి సర్వర్లను బద్దలుకొట్టే పనే పడలేదు. ఖాతాదారుల ఫిర్యాదులు వినడానికి విదేశాల్లో పెట్టుకున్న సపోర్టు ఉద్యోగుల్లో కొందరికి లంచమిచ్చారు, అంతే. కాయిన్‌బేస్ తరఫున అప్పట్లో ఈ పని చూసిన ఒక కాంట్రాక్టు సంస్థకు ఇండోర్‌లో ఆఫీసు ఉండేది. అక్కడి ఉద్యోగిని ఒకామె తన కంప్యూటర్ తెరను సొంత ఫోన్‌తో ఫొటోలు తీస్తూ దొరికిపోయిందని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో ఈ వ్యవహారం మన ఊరిదాకా వచ్చింది. తమ మాజీ కస్టమర్ సర్వీస్ ఏజెంటు ఒకరిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారని కాయిన్‌బేస్ సీఈఓ బ్రయాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రకటించారు.

పోయినవాటిలో పాస్‌వర్డులు లేవు. క్రిప్టోను కదిలించే రహస్య తాళాలూ లేవు. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల ఫొటోలు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు, ఖాతాలో ఎంత ఉంది, ఎప్పుడు ఏం కొన్నారు, ఎప్పుడు ఎంత పంపారు అన్నవే పోయాయి. వీటితో నేరుగా ఒక్క పైసా కూడా తీయలేరు. అయినా ఈ నష్టాన్ని పూడ్చడానికి 18 కోట్ల నుంచి 40 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని కంపెనీయే అంచనా వేసుకుంది. ఎందుకంటే దొంగలకు కావలసింది ఖాతా తాళం కాదు, కాయిన్‌బేస్ మనుషులమని చెప్పి ఫోన్ చేయడానికి ఒక జాబితా. తాళం ఖాతాదారుడి చేతిలోనే ఉంటుంది. ఆ చేత్తోనే తెరిపించాలి.

ఇక్కడే అసలు లోపం ఉంది. మనం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన ప్రతిసారీ పుట్టిన తేదీ చెప్పండి, రిజిస్టర్ చేసిన నంబరు చెప్పండి, చివరి లావాదేవీ ఎంత అని అడుగుతారు. కంపెనీ మనల్ని గుర్తుపట్టడానికి ఇన్ని ఏర్పాట్లున్నాయి. కంపెనీయే ఫోన్ చేసినప్పుడు ఆ మనిషి నిజంగా కంపెనీవాడేనా అని మనం తేల్చుకోవడానికి ఫోన్లో మామూలుగా ఏ ఏర్పాటూ ఉండదు. అందుకే మన వివరాలు అవతలివాడు గడగడా చదివితే, అతను కంపెనీ మనిషేనని మనకు మనమే తీర్మానించుకుంటాం. ఆ వివరాలు తెలిసి ఉండడం ఒకప్పుడు సాక్ష్యమేమో. ఇండోర్ సంగతి తెలిశాక దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

కోర్టులకు ఎక్కిన కేసులు చూస్తే ఈ ఫోన్లన్నీ ఇంచుమించు ఒకే వరసలో నడుస్తాయి. మొదట గొంతు మర్యాదగా ఉంటుంది. "సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నామండీ. రాత్రి 2 గంటలకు మీ ఖాతాలోకి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లాగిన్ జరిగింది. అది మీరేనా?" కాదంటాం. "అయితే ఆ విత్‌డ్రాయల్ రిక్వెస్టు కూడా మీది కాదన్నమాట. నేను హోల్డ్‌లో పెడుతున్నాను, లైన్లోనే ఉండండి." ఈపాటికి గుండె దడ మొదలవుతుంది. గమనించండి, అతను ఇంతవరకూ మనల్ని ఏమీ అడగలేదు. మన డబ్బు కాపాడుతున్నాడు. కేసు నంబరు ఇస్తాడు, రాసుకోమంటాడు. మెయిల్ కూడా పంపుతాడు, అందులో కంపెనీ లోగో ఉంటుంది. ఆ తర్వాతే మెల్లగా అసలు పని మొదలవుతుంది. "మీ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, చెప్పండి" అనో, "సొమ్మును సేఫ్ వాలెట్‌లోకి మార్చుకోండి, అడ్రస్ పంపుతున్నాను" అనో. పక్కన ఎవరైనా పలకరిస్తే, "ఇది ఇంటర్నల్ ఇన్వెస్టిగేషన్, ఎవరితోనూ చర్చించకండి" అంటాడు. ఈ ఆఖరి మాట అన్నిటికంటే ప్రమాదకరమైనదని నా నమ్మకం. దాని వెనక ఎంత బలం ఉందో రెండు పాత ప్రయోగాలు చెబుతాయి.

1966లో అమెరికన్ మానసిక వైద్యుడు చార్లెస్ హాఫ్లింగ్, ఆయన సహచరులు ఆసుపత్రి నర్సుల మీద ఒక ప్రయోగం చేశారు. డ్యూటీలో ఒంటరిగా ఉన్న నర్సుకు ముక్కూమొహం తెలియని డాక్టరు ఫోన్ చేస్తాడు. ఫలానా రోగికి ఆస్ట్రోటెన్ అనే మందు 20 మిల్లీగ్రాములు వెంటనే ఇవ్వండి, నేను వచ్చి సంతకం పెడతాను అంటాడు. రోజుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని ఆ మందు డబ్బా మీదే రాసి ఉంది. ఫోన్లో చెప్పిన మందు ఇవ్వడం ఆసుపత్రి నిబంధనలకు విరుద్ధం. అయినా 22 మందిలో 21 మంది మందు తీసుకుని రోగి దగ్గరికి బయల్దేరారు. దారిలో పరిశోధకులు ఆపేశారు. డబ్బాలో ఉన్నది హాని చేయని ఉత్తుత్తి మాత్రలే. ఇలాంటి ఫోన్ వస్తే ఏం చేస్తారని మరో 12 మంది నర్సులను విడిగా అడిగితే 10 మంది ఇవ్వబోమన్నారు. ఫోన్ మోసాల వార్త చదివినప్పుడల్లా నేనైతే పడనని మనం అనుకునేది కూడా ఇలాంటి జవాబే. ఆ నర్సులు అమాయకులు కారు, చదువుకుని, ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. అధికారం ధ్వనించే గొంతు, వెంటనే చేయాల్సిన పని, సలహా అడగడానికి పక్కన మనిషి లేకపోవడం, ఈ మూడూ కలిసేసరికి తెలిసిన నిబంధన కూడా పనిచేయలేదు.

1977లో ర్యాంక్, జేకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని కొద్దిగా మార్చి చేశారు. ఈసారి మందు నర్సులకు బాగా తెలిసిన వేలియం. తోటి నర్సులతో మాట్లాడుకునే వీలు కూడా ఇచ్చారు. 18 మందిలో ఇద్దరే మందు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. తెలిసిన విషయం కావడం, పక్కనున్న మనిషిని అడగగలగడం, ఈ రెండూ కలిసి ఇంత తేడా తెచ్చాయి. ఎవరికీ చెప్పవద్దు, లైన్ కట్ చేయవద్దు అని మోసగాడు ఎందుకంత పట్టుబడతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ పక్క మనిషికి క్రిప్టో గురించి ఏమీ తెలియనక్కర్లేదు. "అదేంటి, వాళ్లే ఫోన్ చేసి కోడ్ అడుగుతున్నారా?" అని భార్యో తండ్రో ఒక్కసారి పైకి అంటే చాలు, మంత్రం తెగిపోతుంది.

ఇక సాంకేతిక విషయానికి వద్దాం. ఫోన్ తెర మీద కనిపించే నంబరును, పేరును చాలామంది సాక్ష్యంగా తీసుకుంటారు. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో ఆ నంబరు, పిలిచేవాడి వైపు యంత్రం నింపి పంపే సమాచారం మాత్రమే. దారిలో ఎవరూ సరిచూడకపోతే ఏ నంబరైనా పెట్టుకోవచ్చు. దీన్ని అరికట్టడానికి అమెరికా 2021 నుంచి కాల్స్‌కు డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి తెచ్చింది. విదేశం నుంచి వస్తూ భారతీయ నంబరులా కనిపించే కాల్స్‌ను అడ్డుకోవడానికి మన టెలికాం శాఖ 2024 అక్టోబరులో ఒక వ్యవస్థను మొదలుపెట్టింది. ఈ ప్రయత్నాల వల్ల మేలు జరిగింది, కానీ తెర మీది నంబరును కళ్లుమూసుకుని నమ్మగలిగే రోజు ఇంకా రాలేదు.

ఎస్సెమ్మెస్ విషయం ఇంకా కష్టం. పంపినవారి పేరు ఒకటే అయితే ఫోన్ ఆ సందేశాలన్నిటినీ ఒకే వరసలో చేరుస్తుంది. పేరు నిజమా కాదా అన్నది దానికి తెలియదు. ఆస్ట్రేలియాలో ఈ పద్ధతిలోనే బైనాన్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఖాతాదారులకు వల వేశారు. ఇంతకుముందు బైనాన్స్ నిజంగా పంపిన సందేశాల కిందే దొంగ సందేశం వచ్చి కూర్చుంది. మీ ఖాతాకు ప్రమాదం వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. 2025 మార్చిలో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు 130 మందికి పైగా ఖాతాదారులకు హెచ్చరికలు పంపారు. పైన నిజమైన ఓటీపీలు కనిపిస్తుంటే కింది సందేశాన్ని అనుమానించడం ఎవరికైనా కష్టమే.

మరి రెండో తాళంగా పెట్టుకున్న ఆరంకెల కోడ్ కాపాడదా? ఆథెంటికేటర్ యాప్‌లో ఆ కోడ్ ఎలా పుడుతుందో చూద్దాం. యాప్‌ను మొదటిసారి జోడించినప్పుడు ఎక్స్ఛేంజ్, మన ఫోన్ ఒక రహస్య సంఖ్యను పంచుకుంటాయి. ఆ తర్వాత రెండూ వేర్వేరుగా ఆ రహస్యాన్ని, ఆ క్షణపు సమయాన్ని కలిపి ఒకే లెక్క వేస్తాయి. 30 సెకన్లకోసారి కొత్త ఆరంకెలు వస్తాయి. రెండు వైపులా జవాబు ఒకటే అయితే తలుపు తెరుచుకుంటుంది. లెక్క గట్టిదే. కానీ సరైన కోడ్ వచ్చిందా లేదా అన్నదే ఎక్స్ఛేంజ్‌కు తెలుస్తుంది, ఆ కోడ్ కొట్టింది ఎవరో తెలియదు. మనం ఫోన్లో చదివి వినిపిస్తే, అవతలివాడు 30 సెకన్లలోపు అసలు సైట్‌లో కొట్టేస్తాడు. "తొందరగా చెప్పండి, ఎక్స్‌పైర్ అయిపోతుంది" అని అతను ఆత్రపడేది అందుకే.

ఈ బలహీనత లేనిది పాస్‌కీ. ఇందులో మనిషి చదివి చెప్పడానికి అంకెలే ఉండవు. రహస్య తాళం ఫోన్లోనో, చిన్న యూఎస్‌బీ కీలోనో ఉంటుంది. సైట్ పంపిన ప్రశ్న మీద అది సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకంలో సైట్ అసలు చిరునామా కూడా కలిసి ఉంటుంది. ఆ చిరునామాను సరిచూసేది మనిషి కన్ను కాదు, బ్రౌజరు. దొంగ సైట్ ఎంత అచ్చుగుద్దినట్టున్నా చిరునామా వేరు కాబట్టి పాస్‌కీ పలకదు. మీ ఎక్స్ఛేంజ్‌లో ఈ సౌకర్యం ఉంటే ఇవాళే పెట్టుకోండి. ఈ వ్యాసంలో నేను గట్టిగా సిఫారసు చేసే మొదటి పని ఇదే.

మనిషి కన్ను ఎక్కడ పొరపడుతుందో అమెరికాలో తేలిన ఒక కేసు చూపిస్తుంది. అప్పట్లో కాయిన్‌బేస్‌కు ప్రో అనే విభాగం ఉండేది. దాని అసలు చిరునామాలో "ప్రో" ముందు వచ్చి, చుక్క పెట్టి, ఆ తర్వాత "కాయిన్‌బేస్ డాట్ కామ్" ఉంటుంది. దొంగలు "కాయిన్‌బేస్‌ప్రో డాట్ కామ్" అని రెండు మాటలూ కలిపేసి ఒక సైట్ పెట్టారు. చదివేవాడికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు యజమానుల ఆస్తులు. చిరునామాలో యజమాని ఎవరో చెప్పేది చివర "డాట్ కామ్"కు వెంటనే ముందున్న మాట మాత్రమే. ఆ దొంగ సైట్‌లో లాగిన్ అయినవాళ్లకు ఒక నకిలీ సపోర్టు ప్రతినిధి ఫోన్‌లోకి వచ్చేవాడు. కోడ్‌లు చెప్పించుకునేవాడు, లేదా కంప్యూటర్‌ను తన చేతిలోకి తీసుకునే యాప్ వేయించేవాడు. వందలమంది నుంచి 2 కోట్ల డాలర్లకు పైగా లాగిన ఈ ముఠాలో ఒక భారతీయుడు 2023 డిసెంబరులో అట్లాంటా విమానాశ్రయంలో పట్టుబడ్డాడు. 2024 అక్టోబరులో అతనికి ఐదేళ్ల జైలుశిక్ష పడింది.

స్క్రీన్ చూపించమని అడిగారంటే అక్కడితో మాట ఆపేయాలి. 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒక వ్యక్తికి మొదట గూగుల్ సపోర్టు పేరుతో, తర్వాత జెమిని ఎక్స్ఛేంజ్ సపోర్టు పేరుతో ఫోన్లు వచ్చాయి. అతని చేత రెండో తాళాన్ని రీసెట్ చేయించారు, ఎనీడెస్క్ అనే యాప్‌తో తెర చూపించమన్నారు. ఆ తెర మీద బిట్‌కాయిన్ రహస్య తాళాలు కనిపించాయి. పోయింది 4,100కు పైగా బిట్‌కాయిన్లు, అప్పటి విలువ 23 కోట్ల డాలర్లకు పైమాటే. ఒక్క మనిషి సొత్తు అది. క్రిప్టోలో అంత అనుభవమున్న మనిషే అలా మోసపోయాడు కాబట్టి, ఇది తెలివితక్కువవాళ్లకు జరిగే మోసం అనే మాట మనం మానేయాలి.

రికవరీ ఫ్రేజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సొంత వాలెట్ పెట్టుకున్నవాళ్లకు 12 లేదా 24 ఇంగ్లిష్ మాటల వరస ఒకటి ఉంటుంది. 2013 నుంచి వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం 2,048 మాటల జాబితా నుంచి వీటిని ఏరుతారు. ఏ రెండు మాటలకూ మొదటి నాలుగక్షరాలు ఒకటిగా ఉండవు. 12 మాటలతో సాధ్యమయ్యే సరైన వరసలు 2 ఘాతం 128. రాస్తే 39 అంకెల సంఖ్య. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా ఊహించి పట్టుకోలేవు. అందుకే దొంగలు ఊహించే ప్రయత్నం చేయరు, మనల్నే అడుగుతారు. ఆ మాటలు తెలిస్తే చాలు, వాలెట్ మొత్తం వాళ్లదే. పాస్‌వర్డులాగా తర్వాత మార్చుకునే వీలు లేదు. ఎక్స్ఛేంజ్‌లో మామూలు ఖాతా ఉన్నవాళ్లకు అసలు రికవరీ ఫ్రేజే ఉండదు. కాబట్టి ఎక్స్ఛేంజ్ సపోర్టు అని చెప్పి ఆ మాటలు అడిగారంటే ఇక ఆలోచించాల్సిన పనిలేదు.

2025 మార్చిలో ఇదే మోసం తలకిందులుగా వచ్చింది. ఫ్రేజ్ అడగడం మానేసి, వాళ్లే ఇవ్వడం మొదలుపెట్టారు. కోర్టు ఆదేశం వచ్చింది, మీ సొమ్మును సొంత వాలెట్‌లోకి మార్చుకోవాలి, ఇదిగో మీ కొత్త రికవరీ ఫ్రేజ్ అంటూ కాయిన్‌బేస్ పేరుతో మెయిళ్లు పంపారు. మెయిల్‌లో ఇచ్చిన లింకు కాయిన్‌బేస్ అసలు వాలెట్ యాప్‌దే. అంతా సక్రమంగా కనిపిస్తుంది. ఫ్రేజ్ మాత్రం దొంగల దగ్గర ముందే ఉంది. డూప్లికేటు తాళంచెవి దాచుకుని ఇల్లు అద్దెకిచ్చినట్టు, మనం సామాను సర్దుకునేదాకా ఆగి తలుపు తీసుకుంటారు. రికవరీ ఫ్రేజ్ మన ఫోన్‌లో, మన కళ్లముందు పుట్టాలి. వేరొకరు పంపినది ఎప్పటికీ మనది కాదు.

ఫోన్లు వాళ్లే చేయాలని కూడా లేదు. విత్‌డ్రాయల్ ఆగిపోయిందనో, వాలెట్ తెరుచుకోవడం లేదనో ట్విటర్‌లో (ఇప్పటి ఎక్స్‌లో) రాసి చూడండి. 2021లో బ్లీపింగ్ కంప్యూటర్ అనే భద్రతా వార్తల సైట్ ఇలా రాసి పరీక్షిస్తే, క్షణాల్లో బాట్‌లు జవాబిచ్చాయి. ఫలానా సపోర్టు ఫారం నింపండి అని లింకు ఇచ్చాయి. ఆ ఫారంలో అడిగింది రికవరీ ఫ్రేజే. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే పైన కనిపించే ప్రకటనలతోనూ ఇదే ప్రమాదం. టెలిగ్రామ్ గ్రూపులో ప్రశ్న అడిగిన నిమిషానికి విడిగా మెసేజ్ పెట్టే అడ్మిన్, అడ్మిన్ కాడు.

ఇన్ని రూపాలకు కలిపి ఒకే విరుగుడు ఉంది. ఫోన్ కట్ చేయడం. మర్యాద చూసుకోనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. తర్వాత ఇదివరకే ఫోన్‌లో ఉన్న ఎక్స్ఛేంజ్ యాప్‌ను మన చేత్తో తెరిచి, అందులోని హెల్ప్ విభాగంలోంచి అడగాలి. వాళ్లిచ్చిన నంబరు వద్దు, వాళ్లు పంపిన లింకు వద్దు. ప్రమాదం నిజమే అయితే ఆ యాప్‌లోనూ కనిపిస్తుంది.

ముందే చేసుకోవాల్సిన ఏర్పాటు ఇంకొకటి ఉంది. చాలా ఎక్స్ఛేంజీల్లో విత్‌డ్రాయల్ అడ్రస్‌ల జాబితా పెట్టుకోవచ్చు. ఆ జాబితాలో లేని చోటికి సొమ్ము వెళ్లదు, కొత్త అడ్రస్ చేర్చితే 24 గంటలో 48 గంటలో ఆగాలి. మోసగాడి బలమంతా తొందరలోనే ఉంది కాబట్టి ఆ గడువే మనకు రక్షణ. బ్యాంకు డబ్బయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుంది. క్రిప్టోలో అది అంత సులువు కాదు. బిట్‌కాయిన్ లావాదేవీలను నమోదు చేసే బ్లాకు సగటున 10 నిమిషాలకు ఒకటి తయారవుతుంది. లావాదేవీ అందులోకి ఎక్కి, మీద నాలుగైదు బ్లాకులు పడ్డాక వెనక్కి తిప్పే అధికారి ప్రపంచంలో ఎవరూ లేరు. దొంగ ఆ సొమ్మును మరో ఎక్స్ఛేంజ్‌లోకి పంపినప్పుడు అక్కడ పట్టుకోవచ్చు. యూఎస్‌డీటీ లాంటి వాటిని జారీ చేసే టెథర్ కంపెనీ కొన్ని అడ్రస్‌లను స్తంభింపజేయగలదు. ఆ అవకాశాలు కూడా ఫిర్యాదు త్వరగా అందినప్పుడే.

కాబట్టి జరగకూడనిది జరిగితే కుమిలిపోతూ కూర్చోకండి. కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డు మార్చి ఖాతాను లాక్ చేయండి. ఫ్రేజ్ బయటపడి ఉంటే మిగిలినదాన్ని కొత్త ఫ్రేజ్‌తో పెట్టిన వాలెట్‌లోకి మార్చండి. లావాదేవీ ఐడీ, సొమ్ము వెళ్లిన అడ్రస్, వచ్చిన నంబరు, మెసేజ్‌లు భద్రపరచి 1930కి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు, ఎక్స్ఛేంజ్‌కు ఫిర్యాదు చేయండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఎఫ్‌బీఐ ఐసీ3 పోర్టల్ ఉంది. 2024లో క్రిప్టోతో ముడిపడిన నష్టాలుగా అక్కడ నమోదైన మొత్తం 930 కోట్ల డాలర్లు. పోయిన క్రిప్టో తిరిగి రప్పిస్తాం, ముందుగా ఫీజు కట్టండి అంటూ కొన్నాళ్లకు ఇంకొకరు ఫోన్ చేస్తారు. పోగొట్టుకున్నవాళ్ల జాబితా కూడా చేతులు మారుతుంది. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కాయిన్‌బేస్ సపోర్టు పేరుతో ఫోన్లు చేసి దాదాపు 100 మంది నుంచి కోటీ 60 లక్షల డాలర్లు కాజేశాడని ఒక 23 ఏళ్ల కుర్రాడి మీద 2025 డిసెంబరులో కేసు పెట్టారు. ఆ వంద మందిలో ప్రతి ఒక్కరికీ ఫోన్ పెట్టేయగలిగిన క్షణం ఒకటి ఉండే ఉంటుంది. మీ ఇంట్లో క్రిప్టో ఖాతా ఉన్నవాళ్లతో ఇవాళే ఒక ఒప్పందం చేసుకోండి. డబ్బు గురించి ఎవరు ఫోన్ చేసినా, వాళ్లు చెప్పిన పని చేసే ముందు ఆ ఫోన్ కట్ చేసి ఇంట్లో ఇంకొకరికి చెప్పాలి.